దెబ్బ తగిలిన చోటినుండి వైద్యశాల వఱకు



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము రాజుల చరిత్రము గాదు, రాజ్యముల చరిత్రమును గాదు. దెబ్బ తగిలి నేలపై బడిన మనుష్యుడు వైద్యుని చేతికి అందువఱకు నడుమనున్న దారి యొక్క చరిత్రము. ఆ దారి పది మైళ్లుండవచ్చును, ఇరువది మైళ్లుండవచ్చును. దానిని గడచుటకు అరగంట పట్టవచ్చును, అరదినమును పట్టవచ్చును. ఆ దారిలో పోయిన ప్రాణములను లెక్కించినచో అవి రణభూమిలో పోయిన ప్రాణములకు తీసిపోవు. ఆ దారిని లోకము ఎట్లు గుర్తించినది, ఎట్లు బాగుచేసినది, మన దేశమున అది నేడెంతవఱకు బాగుపడినది, ఇక మనము చేయదగిన దేమి అను సంగతులను మీకు విన్నవించెదను.

రహదారి యిప్పుడు మన గ్రామముల ముంగిటికి వచ్చినది. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ జాతీయ రహదారియు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగా పోవు 44వ జాతీయ రహదారియు ఎన్నియో పల్లెలను ఒరసికొని పోవుచున్నవి. వీనివలన ధాన్యము త్వరగా అంగడికి చేరుచున్నది. పిల్లలు పట్టణములలో చదువుకొని సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నారు. ఇది మేలు కాదని యెవ్వరనగలరు? కాని మేలుతోబాటు కీడును వచ్చినది. 2022వ సంవత్సరమున మన దేశపు రహదారులపై 4,61,312 ప్రమాదములు జరిగెననియు, వానిలో 1,68,491 మంది మరణించిరనియు, 4,43,366 మంది గాయపడిరనియు కేంద్రప్రభుత్వమువారి లెక్క. దినములకు పంచి చూచినచో, దినమునకు ఇంచుమించు 462 మంది చొప్పున పోయిరన్నమాట. ఒక చిన్నపల్లె జనసంఖ్య యంత జనము ప్రతిదినమును పోవుచున్నదని తలచుకొనుడు.

ఇట్లు చనిపోయినవారందఱును దెబ్బ తగిలిన క్షణముననే చనిపోయినవారు గారు. తల నుగ్గయి అప్పటికప్పుడే పోయినవారిని ఏ వైద్యుడును బ్రతికింపజాలడు. కాని నెత్తురు కాఱి కాఱి పోయినవారు గలరు. ఊపిరి ఆడక పోయినవారు గలరు. మోయరాని తీరున మోయుటచేత మఱింత చెడి పోయినవారును గలరు. వీరి ప్రాణము కొంతసేపు దారిలో వేచియుండెను. సాయము రాకపోవుటచేతనో, వచ్చిన సాయము తెలివి మాలినదగుటచేతనో వెడలిపోయెను. నా మాట యంతయు వీరినిగూర్చియే.

పూర్వులు ఈ దారి సంగతి ఎఱుగనివారు గారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, యుద్ధమునకు నిలిచిన సేన వెనుక వైద్యులుండవలెననియు, వారి చేతులలో శస్త్రములు, యంత్రములు, విషమునకు విరుగుడు మందులు, తైలములు, కట్టుగుడ్డలు ఉండవలెననియు, అన్నపానములతో స్త్రీలును ఉండవలెననియు విధించియున్నది. సుశ్రుతసంహితయందలి యుక్తసేనీయాధ్యాయమున, స్కంధావారములో రాజుగారి డేరాకు చేరువనే వైద్యుని డేరా యుండవలెననియు, దానిపై ధ్వజమెత్తియుండవలెననియు, విషముచేతను శల్యముచేతను బాధపడువారు దానిని గుఱుతుగా జూచి తడబడక వచ్చి చేరుదురనియు చెప్పియున్నది. నేడు ఆసుపత్రిబండి నెత్తిమీద తిరుగు దీపమునకు ఆ ధ్వజమును పితామహునిగా నెన్నవచ్చును. కాని యొకటి గమనింపుడు. ఈ విధులు సేనకొఱకు చెప్పినవి. దారిన పోవు బాటసారి మాట ఇచ్చట రాలేదు. బాటసారికి బాటసారియే దిక్కు.

తరువాత చిరకాలమునకు ఐరోపాఖండమున ఈ సంగతి మరల తలయెత్తెను. 1792వ సంవత్సరమున ఫ్రెంచిసైన్యము రైను నదీప్రాంతమున పోరాడుచుండెను. అప్పటి కట్టుబాటు ననుసరించి వైద్యుల బండ్లు యుద్ధరంగమునకు ఒక లీగు దూరమున, అనగా రెండుమూడు మైళ్లు వెనుక, నిలిచియుండవలెను. పోరు ముగిసిన పిమ్మటనే గాయపడినవారిని ఏఱి తెచ్చుట వాడుక. అంతలో ఒక పగలును ఒక రాత్రియు గడచిపోయెడిది. ఆ సైన్యమున డొమినిక్ లారే యను యువవైద్యుడు కలడు. గుఱ్ఱములు లాగు ఫిరంగులు రంగమంతట వేగముగ దిరుగుట జూచి, చంపెడు సాధనమే యింత వడిగా పోగలిగినప్పుడు కాపాడెడు సాధనమేల పోరాదని యాతనికి తోచెను. వెంటనే తేలికబండ్లు కట్టించెను. సమభూములకు రెండుచక్రముల బండ్లు, కొండనేలలకు నాలుగుచక్రముల బండ్లు. వానికి ఎగురు అంబులెన్సులని పేరు వచ్చినది. తరువాత నెపోలియను వెంట ఈజిప్టుకు పోయినప్పుడు, ఇసుకలో చక్రములు దిగబడునని, ఒంటెలకు ఇరుప్రక్కల తొట్లు కట్టించి వానిలో క్షతగాత్రులను మోయించెను. అంతకంటెను గొప్పది ఆయన పెట్టిన నియమము. హోదాను జూడక, గాయము యొక్క తీవ్రతను జూచి, ఎవని ప్రాణము ముందు పోనున్నదో వానికి ముందు చికిత్స చేయవలెననుట. గాయపడినవాడు వైద్యునికొఱకు ఎదురుచూచుట గాదు, సాయమే వానికి ఎదురు పోవలెనని లోకమునకు నేర్పినవారిలో లారే అగ్రగణ్యుడు.

రెండవ పాఠము వైద్యుడు కాని యొకని వలన వచ్చినది. 1859 జూను 24వ తేదీన ఇటలీదేశమున సోల్ఫెరినో యనుచోట ఫ్రెంచివారును సార్డీనియావారును ఒకప్రక్క, ఆస్ట్రియావారు ఒకప్రక్క నిలిచి ఘోరయుద్ధము చేసిరి. చచ్చినవారును గాయపడినవారును గలిసి ఇంచుమించు నలువదివేలమంది. జెనీవా నగరపు వర్తకుడు ఆన్రీ డ్యూనాన్ తన వ్యాపారపు పనిమీద ఫ్రెంచి చక్రవర్తిని దర్శింపబోయి యీ దృశ్యమును జూచెను. సమీపమున నున్న కాస్టిగ్లియోనె యను ఊరిలో గుడులు, ఇండ్లు, వీధులు క్షతగాత్రులతో నిండిపోయినవి. వైద్యులు చాలరు. అప్పుడాయన ఊరిజనమును, విశేషించి స్త్రీలను, కూడగట్టి నీళ్లు మోయించెను, గాయములు కడిగించెను, కట్లు కట్టించెను. శత్రువనియు మిత్రుడనియు భేదము చూపక అందఱును అన్నదమ్ములే యని ఆ స్త్రీలు సేవచేసిరి. 1862లో ఆయన ఈ అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. 1863లో రెడ్‌క్రాసు సంఘమునకు పునాది పడినది. 1864లో జెనీవా ఒడంబడిక జరిగినది. 1901లో మొదటి నోబెలు శాంతిబహుమానమునందు ఆయనకు భాగము లభించెను. చదువు లేని చేతులును, ఒకరు దారి చూపినచో, ప్రాణము నిలుపగలవని సోల్ఫెరినో నేర్పినది.

అటుపిమ్మట ఈ విద్య దండునుండి ఊరిలోనికి దిగినది. 1877లో ఇంగ్లండున సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము స్థాపితమయ్యెను. గనులలోను, రైలుదారులలోను, కర్మాగారములలోను పనిచేయువారికి ప్రథమచికిత్స నేర్పుట దాని యుద్దేశము. 1878లో పీటర్ షెపర్డు అను సైనికవైద్యుడు వూలిచ్ పట్టణమున సామాన్యజనులకు ఈ పాఠములు చెప్పెను. మరుసటి సంవత్సరమే దక్షిణాఫ్రికాలో జూలూలతో జరిగిన యుద్ధమున నాతడు మరణించెను. ఆతడు వ్రాసిపెట్టిన పాఠములు మాత్రము పుస్తకరూపమున నిలిచి దేశదేశములకు పాకినవి.

దక్షిణాఫ్రికా యనగానే మనవారి సంగతియొకటి చెప్పక తీరదు. 1899లో ఆంగ్లేయులకును బోయరులకును యుద్ధము రాగా, నేటాలులో న్యాయవాదిగా నుండిన గాంధీగారు భారతీయుల అంబులెన్సుదళమును కూర్చిరి. దళమున ఇంచుమించు 1,100 మంది. మున్నూఱుమంది స్వతంత్రులు, తక్కినవారు ఒప్పందపు కూలీలు. 1900 జనవరిలో స్పియాన్‌కాప్ యుద్ధసమయమున వారు గాయపడినవారిని డోలీలపై నెత్తుకొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచిరి. నేటాలు చెఱకుతోటలకు మద్రాసు రాజధానినుండి పోయిన కూలీలలో తమిళులతోబాటు తెలుగువారును ఉండిరి. కావున ఆ డోలీలు మోసిన భుజములలో తెలుగు భుజములును ఉండియుండును. క్షతగాత్రుని మోయుట మనకు క్రొత్తవిద్య గాదని చెప్పుటకే ఈ మాట యెత్తితిని.

మోయుట ఎంత ముఖ్యమో మోయు తీరును అంత ముఖ్యమని 1914వ సంవత్సరపు మహాయుద్ధమున తెలియవచ్చెను. తొడయెముక విఱిగిన సైనికులు చాలమంది వైద్యశాలకు చేరకమునుపే చనిపోవుచుండిరి. బండి కుదుపులకు విఱిగిన యెముక లోన కదలి కండను చీల్చి, నెత్తురు లోలోపలనే పోవుచుండెను. లివర్‌పూలు నగరమున అంతకు పూర్వము హ్యూ ఓవెన్ థామస్ అను వైద్యుడు కాలును చాచి కదలకుండ నిలుపు నొక యినుపచట్రమును కల్పించియుండెను. ఆతని మేనల్లుని వరుస బంధువగు రాబర్టు జోన్సు దానిని యుద్ధరంగమున వాడుకలోనికి దెచ్చెను. గాయపడినచోటనే కాలును చట్రమున బిగించి, ఆ తరువాతనే కదలించుట మొదలుపెట్టగా మరణములు మిక్కిలి తగ్గిపోయెను. చట్రము ఖరీదైనది గాదు, మందును గాదు. ముందు నిలుపుము, తరువాత కదలింపుము అను నియమమే అచ్చట మందయ్యెను.

ఇక మోటారుబండి కథకు వత్తము. 1869 ఆగస్టు 31వ తేదీన ఐర్లండుదేశమున మేరీ వార్డు అను విదుషి ఆవిరిబండినుండి జాఱి చక్రము క్రింద పడి మరణించెను. సూక్ష్మదర్శినితో ప్రకృతిని పరిశీలించి గ్రంథములు వ్రాసిన తల్లి యామె. 1896 ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణమున బ్రిజెట్ డ్రిస్కల్ అను నామె మోటారుకారు తగిలి చనిపోయెను. తాను గంటకు నాలుగు మైళ్ల వేగముననే పోవుచుంటినని తోలినవాడు చెప్పెను. విచారణ జరిపిన యధికారి, ఇట్టిది మరల ఎన్నడును జరుగకుండుగాక యని కోరెనట. ఆ సాధువాక్యము ఫలింపలేదని మనమెఱుగుదుము.

మోటారు వేగము పెరిగినంతగా మోటారు తగిలినవానికి చేయు సాయము పెరుగలేదు. సంపదకు నిలయమగు అమెరికాదేశముననే 1966వ సంవత్సరమున అచటి జాతీయ విజ్ఞానపరిషత్తువారు ప్రమాదమరణములనుగూర్చి ఒక నివేదిక ప్రకటించిరి. దానిలోని సంగతులు విన్నచో ఆశ్చర్యము కలుగును. ఆ దేశపు అంబులెన్సు సేవలలో ఇంచుమించు సగము శవసంస్కారము చేయు వ్యాపారుల చేతిలో నుండెను. పడుకొనబెట్టి తీసికొనిపోవుటకు వీలగు పొడుగుబండ్లు వారియొద్దనే యుండుట దానికి ముఖ్యకారణము! నగరవీథిలో గాయపడినవానికంటె యుద్ధభూమిలో గాయపడిన సైనికునికే బ్రతుకు ఆశ యెక్కువ యని ఆ నివేదిక నిర్మొహమాటముగ వ్రాసెను. లారే చూపిన దారి దండులో నిలిచినది. వీథిలోనికి వచ్చునప్పటికి నూటడెబ్బది యేండ్లు గడచినను పూర్తి కాలేదు.

ఆ లోపమును తీర్చుటకు పూనుకొన్నవారిలో పిట్స్‌బర్గు నగరపు పేదలు ముఖ్యులు. అచట నల్లవారు నివసించు హిల్ పేటలో రోగి పడిపోయినచో పోలీసుబండియే గతి. వెనుక రోగియు, ముందు పోలీసులును. దారిలో నెత్తురు కాఱినను, ఊపిరి నిలిచినను చూచు దిక్కు లేదు. ఆ నగరమున పీటర్ సేఫర్ అను వైద్యుడుండెను. స్మృతి తప్పినవాని నాలుక వెనుకకు జాఱి గొంతును మూయుననియు, తలను వెనుకకు వంచినచో దారి తెఱచుకొనుననియు, నోటితో ఊపిరి యూది బ్రతికింపవచ్చుననియు ఆతడు ప్రయోగపూర్వకముగ స్థాపించినవాడు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అను సంస్థయు ఆతడును గలిసి, ఎందుకును పనికిరారని లోకము తోసివేసిన ఆ పేట యువకులకు వందలకొలది గంటలు శిక్షణమిచ్చి బండ్లలో నియమించిరి. ఆ యువకుల నేర్పు కొంతకాలమునకు దేశమునకే ఒరవడి యయ్యెను. నగరపాలకులు 1975లో ఆ సేవను ఎత్తివైచిరి. అయినను వారు నెలకొల్పిన పద్ధతి మాత్రము నిలిచినది. బండియొకటే చాలదనియు, బండిలో తెలిసిన చేతులుండవలెననియు లోకము వారివలన నేర్చినది.

ఆ కాలముననే బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ, గాయపడిన తరువాతి మొదటి గంటను బంగారుగడియ యని పిలిచెను. అరువదియొకటవ నిమిషమున ప్రాణము పోవునని దీని యర్థము గాదు. ఊపిరి ఆగినవానికి గడియ కాదు, నాలుగైదు నిమిషములే గడువు. తొడలోని పెద్దనాడి తెగినవానికిని ఇంచుమించు అంతియే. లోపల మెల్లగ నెత్తురు కాఱువానికి గంటకు పైగా గడువుండవచ్చును. జాప్యము ప్రాణాంతకమని చెప్పుటయే ఆ మాట తాత్పర్యము.

ఇంతవఱకు పరదేశపు మాట. ఇక మన యింటిమాట. మన గ్రామములలో ప్రమాదము జరిగినచోట జనము మూగుదురు, కాని ముట్టరు. ఇది దయలేక కాదు. ముట్టినచో ఠాణాకు పిలుతురు, పేరు వ్రాసికొందురు, న్యాయస్థానము చుట్టు త్రిప్పుదురు, ఆసుపత్రిలో డబ్బు కట్టుమందురు, చచ్చినచో నీవే గుద్దితివందురు అను భయము. ఈ భయము ఒకప్పుడు కారణము లేనిది గాదు. ఒక స్కూటరు నడుపువానిని వేగముగ వచ్చిన కారు గుద్దెను. పుణ్యాత్ముడొకడు వానిని దగ్గరనున్న ఆసుపత్రికి జేర్చెను. ఇది పోలీసు వ్యవహారము, మేము చూడము, ఇరువది కిలోమీటర్ల దూరముననున్న వేఱొక ఆసుపత్రికి పొమ్మని అచటివారు పంపివేసిరి. దారిలోనే ప్రాణము పోయెను. పత్రికలో ఈ వార్త చదివి పరమానంద కటారా యను న్యాయవాది సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1989 ఆగస్టు 28వ తేదీన కోర్టువారు తీర్పు చెప్పిరి. సర్కారు వైద్యుడైనను, సొంతవైద్యుడైనను గాయపడినవాని ప్రాణమును మొదట కాపాడవలెననియు, పోలీసు తతంగము ఆ తరువాతనే యనియు దాని సారాంశము.

ఆ తీర్పు వైద్యుని కర్తవ్యమును తేల్చినది. దారిన పోవువాని భయమును మాత్రము తీర్పలేదు. అందులకు ఇంకను ఇరువదియేడేండ్లు పట్టినది. 2012లో సేవ్ లైఫ్ ఫౌండేషన్ అను సంస్థ సుప్రీంకోర్టులో అర్జీ వేసెను. 2015లో కేంద్రప్రభుత్వము సాయపడువారికి రక్షణగా నియమములు ప్రకటించెను. 2016 మార్చి 30వ తేదీన సుప్రీంకోర్టు వానికి దేశమంతట కట్టుబడవలెనని శాసించెను. 2019లో మోటారువాహనముల చట్టమును సవరించి 134 ఎ అను విభాగమును చేర్చిరి. దాని ప్రకారము, సద్బుద్ధితో, ప్రతిఫలము కోరక సాయపడినవానిపై, సాయములో పొరపాటు జరిగి గాయపడినవానికి హాని కలిగినను సివిలు వ్యాజ్యము గాని క్రిమినలు వ్యాజ్యము గాని చెల్లదు. 2020లో చేసిన నియమముల ప్రకారము పోలీసులు ఆతని పేరును చిరునామాను చెప్పుమని బలవంతపెట్టరాదు. తనంతట సాక్షిగా నుండుట కొప్పుకొన్నచో, ఆతనికి అనుకూలమైన చోటను అనుకూలమైన వేళను విచారింపవలెను. పెద్దలారా! ఈ నాలుగు వాక్యములను మీరు రచ్చబండకడ నలుగురికి చదివి వినిపించినచో, నా ప్రసంగమునకు అదియే ఫలము. చట్టము మాఱినది. ఊరివారి మనస్సులోని భయము మాత్రము పాతచట్టపు కాలముననే నిలిచియున్నది.

మఱియొక మాట చెప్పక తప్పదు. ప్రమాదము జరుగగానే మన జనులు కొందఱు గాయపడినవానిని విడిచి తోలినవానిపై బడుదురు. 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టమున 134వ విభాగము, గాయపడినవానికి వైద్యసాయము సమకూర్చుట తోలినవాని విధియని చెప్పుచు, మూక యాగ్రహముచేత గాని, తనకు లోబడని మఱియొక కారణముచేత గాని అది సాధ్యము గానప్పుడు తప్ప అని మినహాయించియున్నది. చూచితిరా! మన కోపమును చట్టమే గుర్తించి పేరెత్తి వ్రాసికొనవలసి వచ్చినది. ఆ కోపమునకు పట్టిన పది నిమిషములలో ఒక ప్రాణము పోవచ్చును. తప్పు విచారించుటకు న్యాయస్థానమున్నది. నెత్తురు ఆపుటకు ఆ క్షణమున మనము తప్ప మఱియొకరు లేరు.

ఈ చరిత్రమున తెలుగునాటికి ఒక గౌరవస్థానము కలదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదున 108 అను సంఖ్యతో అంబులెన్సుసేవ మొదలయ్యెను. ఒక్క సంఖ్యకు ఫోను చేసినచో, శిక్షణము పొందిన మనిషితో బండి వచ్చి, దారిలోనే ఉపచారము చేయుచు ఆసుపత్రికి చేర్చుట దాని పద్ధతి. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జిల్లాలకు పాకి, పిమ్మట ఇతర రాష్ట్రములకును ప్రాకెను. రైను తీరమున లారే కట్టించిన బండియు, పిట్స్‌బర్గు యువకులు నేర్చిన విద్యయు ఒకచోట గూడి మన యూరి పొలిమేరకు వచ్చినవని భావింపుడు. ఆ పిలుపునకు ఖర్చు లేదు. 112 అను సంఖ్యయు, జాతీయ రహదారులపై 1033 అను సంఖ్యయు కూడ కలవు. 2025లో కేంద్రప్రభుత్వము, మోటారు ప్రమాదమున గాయపడినవారికి నియమిత ఆసుపత్రులలో ఏడు దినములవఱకు, 1,50,000 రూపాయలకు మించకుండ, రొక్కము కట్టనక్కఱలేని చికిత్సకు ఏర్పాటు ప్రకటించెను. కావున డబ్బుభయమును కొంత తగ్గినది.

అయినను బండి పిలిచిన వెంటనే ప్రత్యక్షము గాదు. పట్టణమునకు దూరమైన పల్లెలకు అది వచ్చుటకు కొంత కాలము పట్టును. ఆ కాలమున ఆ చోటనున్న రైతు, పశువులకాపరి, టీదుకాణమువాడు, బడిపిల్లవాడు, వీరే వైద్యులు. వారు చేయదగిన పనులు కొన్నియే, వానికి పాండిత్యమక్కఱలేదు. ఒకడు ముందుకు పోయి వచ్చు బండ్లను ఆపవలెను, లేకున్న సాయము చేయువారికే ప్రమాదము. ఒకడు 108కి చోటు స్పష్టముగ చెప్పవలెను. నెత్తురు చిమ్ముచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై గట్టిగ అదిమి, బండి వచ్చువఱకు చేయి తీయరాదు. మాటిమాటికి ఎత్తి చూచినచో గడ్డకట్టు నెత్తురు చెదరును. గ్రుచ్చుకొన్న కమ్మియో గాజుముక్కయో ఉన్నచో పెఱుకరాదు. కాఫీపొడి, మట్టి, బూడిద గాయమున కూరరాదు. నీళ్లుగాని సోడాగాని పోయరాదు, అవి ఊపిరిగొట్టములోనికి పోవచ్చును. ఒంటికి దుప్పటి కప్పి చల్లబడకుండ చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యము మెడ. మనవారు ఆత్రముతో ఒకడు చంకలు, ఒకడు కాళ్లు పట్టి ఎత్తి, ఆటోలో ముడిచి పెట్టుదురు. వెన్నెముకకు దెబ్బ తగిలియున్నచో ఆ ఎత్తుటతోనే కాలుచేతులు జీవితాంతము పడిపోవచ్చును. నిప్పు గాని, ఎదురువచ్చు బండ్లు గాని భయపెట్టనప్పుడు, బండి వచ్చువఱకు కదలింపకుండుటయే మేలు. కదలింపక తప్పనిచో, తల, మెడ, మొండెము ఒక్క వరుసలో నుండునట్లు నలుగురైదుగురు ఒక్కసారిగ పట్టి బల్లపై జేర్చవలెను. స్మృతి లేక, ఊపిరి ఆడుచున్నవానిని మెడ మెలిపడకుండ ప్రక్కకు ఒత్తిగిల్లజేసినచో నాలుకయు, వాంతియు గొంతుకు అడ్డుపడవు. తెలియనివాడు ముట్టినచో చెడునని పెద్దలు కొందఱందురు. ఆ మాటలో సత్యమున్నది. కాని అందులకు మందు ముట్టకుండుట గాదు, తెలిసికొనుట. మనకు పుత్తూరు కట్టువంటి ఎముకవైద్యము ప్రసిద్ధమే. అయినను నెత్తురు కాఱుచున్నవానిని, స్మృతి తప్పినవానిని ముందు ఆసుపత్రికే చేర్చవలెను. ప్రాణము నిలిచిన తరువాతనే ఎముక మాట.

గ్రామమున మీ మాట చెల్లును. కావున మూడు పనులు మీవలన కావలసినవి. మొదటిది, సాయపడువానికి చట్టము అండగానున్నదని ఊరంతటికి తెలుపుట. రెండవది, ఊరిలో రహదారి ప్రక్కనుండు దుకాణములవారికి, ఆటోలు తోలువారికి, పదునాఱేండ్లు దాటిన బాలబాలికలకు ప్రథమచికిత్స నేర్పింపుమని వైద్యశాలవారిని అడుగుట. అడుగనిదే యెవరును రారు. మూడవది, ప్రమాదము జరిగినచోట మీలో నొకరుండినచో, మూకను వెనుకకు జరిపి, ఇద్దఱిని ముందుకు పంపుట. సోల్ఫెరినోలో డ్యూనాన్ చేసినది ఇంతమాత్రమే. ఆయన చేతిలో శస్త్రము లేదు. నలుగురిని పనికి నిలిపిన నోరు మాత్రమున్నది.

రహదారిపై పడియున్నవాడు ఏ యూరివాడో, ఏ కులమువాడో మనకు తెలియదు. వాని యింట వానికొఱకు దీపము పెట్టుకొని కూర్చున్నవారు మాత్రము తప్పక యుందురు. వైద్యుడు వాని దేహమును బాగుచేయును. వానిని ప్రాణముతో వైద్యునివఱకు చేర్చు భారము దారిప్రక్క ఊరిదే. ఆ భారము మన పూర్వులు నేటాలులో ఇరువదియైదు మైళ్లు మోసిరి. మనలను ఎవరును అంతదూరము మోయుమనుట లేదు. బండి వచ్చువఱకు చేయి తీయకుండ అదిమి పట్టుమనుచున్నారు, అంతియే.